పడవలో పెట్టే చెక్క స్పీకర్ పెట్టెకు ఎపాక్సీ పూత: వాడి చూసిన మాట

పడవ మీద ఉండే స్పీకర్ పెట్టెకు వాన పెద్ద శత్రువు కాదు. పైన పడిన చినుకులను గుడ్డతో తుడిచేయవచ్చు. తుడవడానికి అందనివి వేరే ఉన్నాయి: అడుగున నిలిచిపోయే చెమ్మ, గాలితో వచ్చి సందుల్లో చేరే ఉప్పు తుంపర, పగలు వేడెక్కి రాత్రి చల్లబడే పెట్టె లోపలి గోడల మీద పట్టే నీటి బిందువులు. ఈ మూడింటినీ తట్టుకుంటుందన్న ఆశతో, రెజిన్ అనే జిగురు ద్రవం ఒక డబ్బాలోనూ దాన్ని గట్టిపరిచే హార్డెనర్ మరో డబ్బాలోనూ వచ్చే మెరైన్ ఎపాక్సీని నేను చేసుకున్న ఒక జత ప్లైవుడ్ పెట్టెలకు పూశాను. అంతకు ముందరి జతను ఎండీఎఫ్‌తో, అంటే చెక్కపీచును జిగురుతో అదిమి చేసే పలకతో, చేసి, పైన వార్నిష్ మాత్రం పూసి ఊరుకున్నాను. కొద్ది నెలల్లోనే వాటి అంచులు ఉబ్బిపోయి స్క్రూలు పట్టు వదిలేశాయి. తప్పు వార్నిష్‌ది కాదు, నీరు తగిలితే పొంగే ఎండీఎఫ్‌ను పడవ ఎక్కించిన నాది.

మెరైన్ ప్లైవుడ్ అన్న పేరు చూసి దానికి పూత అక్కర్లేదనుకునేవారు చాలామంది ఉన్నారు. ఈ ప్లైవుడ్‌కు ఉన్న బీఎస్ 1088 అనే బ్రిటిష్ ప్రమాణం వంటివి ప్రధానంగా జిగురు నీటికి విడిపోకుండా ఉండటాన్ని, పొరల మధ్య ఖాళీలు లేకపోవడాన్ని చూస్తాయి. కలప మాత్రం కలపే కాబట్టి, చెమ్మ నిలిస్తే బూజు పట్టి కుళ్లకుండా ఆ ముద్ర ఒక్కటీ కాపాడలేదు. అందువల్ల పూత తప్పదు.

నేను వాడిన ఎపాక్సీలో ఐదు పాళ్లు రెజిన్‌కు ఒక పాలు హార్డెనర్ కలపాలి. హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుందని ఇతర రంగులకు అలవాటుపడిన చేతికి తోస్తుంది గానీ, ఇక్కడ జరిగేది ఆరడం కాదు, రెండు ద్రవాలు లెక్క ప్రకారం ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడటం. లెక్క తప్పితే మిగిలిపోయిన భాగం పూతను ఎప్పటికీ మెత్తగానో జిడ్డుగానో ఉంచేస్తుంది. కలిపిన ద్రవాన్ని లోతైన గిన్నెలో ఉంచితే తన వేడికి తానే మరిగి ముద్దకడుతుంది కనుక, వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి వాడుకోవాలి. చేతి తొడుగులు లేకుండా పని చేయకండి. ఒకసారి చర్మానికి ఎపాక్సీతో అలర్జీ మొదలైందంటే ఆ బాధ సాధారణంగా జీవితాంతం వదలదు.

ఈ పనిలో ఫలితం తేలేది అంచుల దగ్గర. ప్లైవుడ్ ముఖం మీద నీరు మెల్లగా ఇంకుతుంది; కోసిన అంచులో మాత్రం కలప గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి, నీరు వాటి వెంట లోపలికి పాకుతుంది. అందుకే ముఖాలకు మూడు పూతలు వేస్తే అంచులకు, స్పీకర్ కోసం కోసిన గుండ్రటి రంధ్రం లోపలి గోడకు, అది తాగినంతా తాగనిచ్చి, మళ్లీ పూసి, చివరకు ఎపాక్సీలో పొడి కలిపిన లప్పంతో మూలలను గుండ్రంగా తీర్చాను. పదునైన మూల మీద ఏ పూతైనా పలచబడుతుంది, మొదట చిట్లేదీ అక్కడే. వేళ విషయంలోనూ ఒక మెలకువ ఉంది: చెక్క వేడెక్కుతున్నప్పుడు పూస్తే లోపలి గాలి వ్యాకోచించి పూత నిండా బుడగలు లేపుతుంది, చల్లబడుతున్నప్పుడు పూస్తే అదే గాలి సంకోచించి పూతను లోపలికి పీల్చుకుంటుంది. సాయంత్రం పూత ఎంచుకున్నది అందుకే.

గట్టిపడ్డాక పైన మైనంలాంటి పలచని జిడ్డు తేలవచ్చు. దాన్ని నీళ్లతో కడిగిన తర్వాతే ఉప్పుకాగితం పట్టాలి; ముందే రుద్దితే జిడ్డు పూతలోకే వెళ్లి పై రంగు నిలవదు. ఇంతకన్నా పెద్ద లోపం, డబ్బా మీద చిన్న అక్షరాల్లో దాక్కున్నది, ఎండ. ఎపాక్సీ నీటిని ఆపగలదు గానీ సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కి, సుద్దలా పొడిబారుతుంది. కనుక దాని మీద ఆ కిరణాలను అడ్డుకునే వార్నిష్ గానీ, ఎండను తట్టుకునే రంగు గానీ తప్పనిసరి. అంటే కొనవలసింది ఒక సరుకు కాదు, రెండు. ఈ మాట ముందు పక్కన పెద్దగా రాసి ఉంటే ఈ ఎపాక్సీకి నేను పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

లోపలి గోడలకు కూడా పూయడం వల్ల సన్నని సందులు మూసుకుపోయి, మూసిన పెట్టెకు కావలసిన బిగువు వచ్చింది. స్వరంలో అంతకు మించిన తేడా నా చెవికి తెలియలేదు. గాలి బయటికీ లోపలికీ ఆడే గొట్టం ఉన్న పెట్టెకు ఎంత పూసినా చెమ్మగాలికి తలుపు తెరిచి ఉంచినట్టే కాబట్టి పడవకు మూసిన పెట్టే నయం. స్పీకర్‌లో కంపించి శబ్దం పుట్టించే కాగితపు కోన్‌కు కూడా ఇదే పూయవచ్చా అని ఆశపడేవారికి ఒక మాట: బరువు పెరిగి స్వరం మారిపోతుంది, పూయకండి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కోన్, రబ్బరు అంచు ఉన్న స్పీకర్‌నే తీసుకుని, దాని అంచు కింద నీరు పీల్చని మూసిన రంధ్రాల నురుగు పట్టీ వేసి, తగరం పూత ఉన్న రాగి తీగతో కలపండి. ఇంత చేసినా ఆ పెట్టెకు ఐపీఎక్స్7 అనే హోదా రాదు. మీటరు లోతు నీటిలో అరగంట ముంచి పరీక్షించిన వస్తువుకే అది చెల్లుతుంది.

రెండు వర్షాకాలాలు దాటాక ఒక పెట్టె చెక్కుచెదరలేదు. రెండోదాని అడుగున, పారదర్శకంగా వదిలిన పూత కింద, రూపాయి బిళ్లంత నల్లమరక కనిపిస్తోంది. స్క్రూ దిగే ప్రతి చోటా పెద్ద రంధ్రం తొలిచి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక అందులో చిన్న రంధ్రం వేయడం పద్ధతి. రబ్బరు కాళ్లకు మాత్రం ఆఖరి నిమిషంలో ఆ పని ఎగ్గొట్టి, ఒక స్క్రూను నేరుగా చెక్కలోకి దించాను. మరక సరిగ్గా దాని చుట్టూనే ఉంది. ఇప్పుడు ఆ చోట పూత గీకి, చెక్కను పూర్తిగా ఎండనిచ్చి, మిగిలిన అర డబ్బాతో మళ్లీ మొదలుపెట్టాలి.