365 అధ్యాయాల నవలను ఈ-రీడర్‌లో పూర్తి చేశాక

మణికట్టు నొప్పి కోసం కొన్నాను దీన్ని. పడుకుని చదివే అలవాటు నాది. వెయ్యి పేజీలు దాటిన పుస్తకాన్ని ఒంటి చేత్తో పట్టుకుంటే పావుగంటకే బొటనవేలి మొదట్లో లాగడం మొదలయ్యేది. ఈ ఆరంగుళాల ఈ-రీడర్ బరువు పావుకేజీ కూడా ఉండదు, నొప్పి బాధ తీరిపోయింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే చెప్పబోయే వాటిలో చాలావరకు కాగితంలా కనిపించే తెర ఉండే ఈ రకం ఈ-ఇంక్ రీడర్లన్నిటికీ వర్తిస్తాయి.

దీనిలో విక్టర్ హ్యూగో ‘లే మిజరబ్ల్’ చదివాను. 1862లో వచ్చిన నవల, ఐదు భాగాలు, 365 అధ్యాయాలు. ఇసబెల్ హాప్‌గుడ్ చేసిన పాత ఇంగ్లిష్ అనువాదం పాత పుస్తకాలు పెట్టే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అంతకుముందు అచ్చు పుస్తకంతో రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ వదిలేశాను. మొదటి 14 అధ్యాయాలూ బిషప్ మిరియెల్ గురించే. కథానాయకుడు జాన్ వాల్జాన్ జాడే ఉండదు. చేతిలో అంత లావు పుస్తకం, కథ ఇంకా మొదలు కాలేదు. పుస్తకం తెరవాలంటేనే టెన్షన్ వచ్చేది.

ఈసారి పద్ధతి మార్చాను. రోజుకో అధ్యాయం, అంతే. కొన్ని అధ్యాయాలు రెండు మూడు పేజీల్లో అయిపోతాయి, కొన్నిటికి అరగంట పైనే పడుతుంది. కానీ రీడర్‌లో ఓ చిక్కు ఎదురైంది. అడుగున ఎంత శాతం చదివామో చూపించే అంకె ఉంటుంది కదా, రోజుకో అధ్యాయం చదివితే అది ఒక్క శాతం కదలడానికి దాదాపు నాలుగు రోజులు పడుతుంది. రోజూ చదువుతున్నా అంకె అక్కడే ఉంటే మనసు నీరుగారిపోతుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని తీసేసి, ‘ఈ అధ్యాయంలో ఇంకా ఎన్ని నిమిషాలు’ అన్నది పెట్టుకున్నాను. ‘ఇంకా 6 నిమిషాలు’ అని కనిపిస్తే ఎంత అలసటగా ఉన్నా పూర్తి చేయాలనిపిస్తుంది. పెద్ద పుస్తకం మొదలుపెట్టే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే.

బాగా ఉపయోగపడుతుందనుకున్న సెర్చ్ మాత్రం కొంతవరకే పనికొచ్చింది. వారం గ్యాప్ వచ్చాక ఎవరో పాత్ర తిరిగి కనిపిస్తే, పేరు కొట్టి మొదట ఎక్కడ వచ్చారో చూసుకోవచ్చు. చిన్న పాత్రలకు ఇది బంగారం. అయితే ఈ నవలలో జాన్ వాల్జాన్ పేర్లు మార్చుకుంటూ బతుకుతాడు. ఒకచోట మదలేన్, ఇంకోచోట ఫోష్‌లెవాన్. మూడో భాగంలో పార్కులో ఒక అమ్మాయితో రోజూ కూర్చునే తెల్ల జుట్టు పెద్దాయనకు కుర్రాళ్లు ‘లెబ్లాన్’ అని పేరు పెడతారు. వాల్జాన్ అని వెతికితే ఆ పార్కు సన్నివేశాలు రానే రావు. ఆ ముసలాయన ఎవరో పాఠకుడు తనంతట తాను పోల్చుకోవాలని రచయిత కోరిక. మెషీన్ అది చేసిపెట్టలేదు, చేసిపెట్టనూ కూడదు. నేను రీడర్ కవర్ లోపల చిన్న కాగితం ముక్క పెట్టుకుని, ఒక మనిషికున్న పేర్లన్నీ ఒకే వరుసలో రాసుకున్నాను. నాలుగో భాగానికి వచ్చేసరికి ఆ కాగితం రెండు వైపులా నిండిపోయింది.

డిక్షనరీ విషయంలో జాగ్రత్త. పదం మీద వేలు పెడితే అర్థం వచ్చేస్తుంది కదా అని ప్రతిదానికీ నొక్కితే వాక్యం చేజారిపోతుంది. పేజీకి ఒక్క పదమే అని నియమం పెట్టుకున్నాను.

ఇక దాటేయడం గురించి. రెండో భాగం మొదట్లో వాటర్లూ యుద్ధం 19 అధ్యాయాలు సాగుతుంది. చాలామంది దాటేయమంటారు. వేగంగా చదవండి, పర్వాలేదు, కానీ ఆ 19వ అధ్యాయాన్ని మాత్రం వదలొద్దు. యుద్ధం ముగిసిన రాత్రి శవాల మధ్య ఒకడు ఉంగరాలు, గడియారాలు దోచుకుంటుంటాడు. వాడెవడో, వాడు పొరపాటున ప్రాణం నిలబెట్టింది ఎవరిదో తెలియకపోతే తర్వాతి కథలో ఒక పెద్ద ముడి అర్థం కాదు. ఇలాంటి పక్కదారి ఏ పుస్తకంలో వచ్చినా నేనిప్పుడు దాని చివరి అధ్యాయం తప్పక చదువుతున్నాను.

రీడర్‌తో నాకున్న పెద్ద ఫిర్యాదు ఒకటుంది. ఒక రాత్రి నిద్రమత్తులో బొటనవేలు తెర అడుగు అంచుకి తగిలింది. పేజీ ఎగిరి ఐదో భాగం మధ్యలో పడింది. వెనక్కి వెళ్లేలోపే ఎవరు చనిపోతారో ఒక వాక్యం కంటపడింది. ఆ బాధ ఇంకా పోలేదు. ఆ అంచుని లాక్ చేసే సౌకర్యం కోసం ఎంత వెతికినా కనపడలేదు. వెనక్కి పది పేజీలు తిప్పి చూడటం కూడా కాగితంలో ఉన్నంత సులువు కాదు, తెర ప్రతిసారీ కాసేపు నల్లబడి తేరుకుంటుంది. చార్జింగ్ మాత్రం వారాల తరబడి వస్తుంది. పేజీ మారినప్పుడే కరెంటు ఎక్కువగా వాడుకునే తెర కాబట్టి ఆ దిగులు లేదు.

లావు పుస్తకాలు చదవాలని ఉండి, చేతులు సహకరించని వాళ్లు ధైర్యంగా కొనుక్కోవచ్చు. నాకైతే పన్నెండు నెలల రెండు వారాలు పట్టింది.

పూర్తయిన రోజు పాత అచ్చు ప్రతిని బయటికి తీశాను. రెండోసారి వదిలేసినప్పటి బుక్‌మార్క్ పన్నెండో అధ్యాయంలో అలాగే ఉంది. అక్కణ్నుంచి మూడో అధ్యాయంలో జాన్ వాల్జాన్ దుమ్ముకొట్టుకుని, కాలినడకన, ఊళ్లోకి వస్తాడు.