మైనపు ముద్ర, నల్ల అద్దం: జాన్ డీ ఆవాహన సామగ్రి నకలుపై సమీక్ష

పదహారో శతాబ్దపు ఆంగ్ల పండితుడు జాన్ డీ దేవదూతలను ఆవాహన చేయడానికి వాడిన సామగ్రికి నకలు అంటూ, చేతిపనితో వస్తువులు చేసి ఆన్‌లైన్‌లో అమ్మే ఇంగ్లండులోని ఒక చిన్న సంస్థ ఒక పెట్టెను అమ్ముతోంది. నేను 185 పౌండ్లు పెట్టి కొన్నాను. తేనెమైనంతో పోతపోసిన పెద్ద ముద్ర ఒకటి, అదే మైనంతో చేసిన చిన్న ముద్రలు నాలుగు, అబ్సిడియన్ అనే అగ్నిపర్వత శిలతో చేసిన నల్లటి అద్దం, కుచ్చులున్న ఎర్రటి పట్టుగుడ్డ, మంత్రవృత్తం అచ్చువేసిన కాన్వాసు, ఒక చిన్న పుస్తిక అందులో ఉన్నాయి. పాశ్చాత్య ఆవాహన క్రియల చరిత్రను శ్రద్ధగా చదివేవారికి ఇందులో ఏది పనికివస్తుందో, ఏది తప్పుదారి పట్టిస్తుందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

డీ మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో గణితం, నౌకాయానం, జ్యోతిషం తెలిసిన గొప్ప విద్వాంసుడు. థేమ్స్ ఒడ్డున మోర్ట్‌లేక్‌లో ఉన్న ఆయన ఇంటికి 1582 మార్చిలో ఎడ్వర్డ్ కెల్లీ, టాల్బట్ అనే పేరుతో వచ్చాడు. అప్పటినుంచి ఇద్దరూ కలిసి కూర్చోవడం మొదలైంది: డీ ప్రార్థన చేసేవాడు, కెల్లీ స్ఫటికంలోకి చూసి కనిపించినదీ వినిపించినదీ చెప్పేవాడు, డీ దాన్ని కాగితం మీదికి ఎక్కించేవాడు. మన పల్లెల్లో అంజనం వేసేటప్పుడు మంత్రం చదివేది ఒకరు, తమలపాకులోని కాటుకలోకి చూసి చెప్పేది మరొకరు అయినట్టే ఇక్కడా పని ఇద్దరి మధ్య పంచబడింది. ఆ సామగ్రి ఎలా ఉండాలో కూడా ఈ సమావేశాల్లోనే నిర్ణయమైంది కాబట్టి, డీ స్వహస్తంతో రాసుకున్న ఆ వివరాలే నేటి నకలుకు కొలబద్ద. ఆ రాతప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో స్లోన్ 3188 అనే సంఖ్యతో ఉంది. అసలు మైనపు ముద్రల్లో పెద్దది ఒకటి, చిన్నవి రెండు బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

పెట్టెలో అన్నిటికంటే మెచ్చదగినది పెద్ద ముద్ర. దీని పేరు సిగిల్లమ్ డేయి ఏమెత్, అంటే దేవుని సత్యముద్ర. వ్యాసం 9 అంగుళాలు, చుట్టుకొలత 27 అంగుళాలకు కొంచెం పైన ఉండాలని, శుద్ధమైన మైనంతో చేయాలని డీ రాసుకున్నాడు. నకలు మీద స్కేలు పెట్టి చూస్తే వ్యాసం సరిగ్గా 9 అంగుళాలే వచ్చింది. మందం మాత్రం 2 సెంటీమీటర్లే ఉంది. రాతప్రతి అడిగినది అంగుళానికి పైన, కాబట్టి చేతిలోకి తీసుకున్నప్పుడు ఉండవలసినంత బరువు తెలియదు. మైనం మాత్రం అసలైన తేనెమైనమే. పెట్టె తెరవగానే తేనెవాసన వచ్చింది, కొన్ని వారాలకు ఉపరితలం మీద తేనెమైనానికి సహజంగా పట్టే తెల్లటి పొర కూడా పట్టింది. గోరువెచ్చని మెత్తటి గుడ్డతో తుడిస్తే అది పోతుంది, పారఫిన్ కలిపిన మైనానికి ఇలా పట్టదు.

ముద్ర అంచున ఉన్న వలయంలో 40 గళ్లున్నాయి, ఒక్కో గడిలో అక్షరాలూ అంకెలూ ఉంటాయి. చాలా నకళ్లు భంగపడేది ఇక్కడే. ఆ అంకెలు అలంకారం కోసం పెట్టినవి కావు. అంకె అక్షరానికి పైన ఉంటే గడియారం ముల్లు తిరిగే దిశలో అన్ని గళ్లు ముందుకు, కింద ఉంటే అన్ని గళ్లు వెనక్కు వెళ్లి తర్వాతి అక్షరాన్ని పట్టుకోవాలి. అలా గడి నుంచి గడికి దూకుతూ పోతే గాలస్, గెథోగ్, థాఓథ్ మొదలైన ఏడు పేర్లు బయటికి వస్తాయి. ఒక్క అంకె తప్పుగా పడినా ఆ పేరు మధ్యలోనే తెగిపోతుంది. నేను పెన్సిలూ కాగితమూ పట్టుకుని గడి గడీ లెక్కపెట్టాను, ఏడు పేర్లూ సరిగ్గా వచ్చాయి. లోపలి సప్తభుజిలోని అక్షరాలు, నడిమి పంచకోణ నక్షత్రం చుట్టూ జబాథియేల్ నుంచి లెవనాయేల్ వరకు ఉన్న ఏడు గ్రహదేవదూతల పేర్లు కూడా దోషం లేకుండా ఉన్నాయి. అచ్చులో పోసినందువల్ల కొన్ని అక్షరాల అంచులు మొద్దుబారాయి గాని, చదవడానికి ఇబ్బంది లేదు. తయారుచేసినవారు ఎవరో వేసిన బొమ్మను చూసి దించలేదు, రాతప్రతిని చదివి చేశారు. ఇంత శ్రద్ధ చూపినందుకు వారిని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

అయితే ముద్రను తిరగేసినప్పుడు నిరాశ కలిగింది, ఎందుకంటే వెనుకవైపు ఏమీ లేదు. అసలు ముద్ర వెనుక ఒక శిలువ, దాని చుట్టూ ఆగ్లా అనే మాటలోని నాలుగు అక్షరాలు ఉంటాయి. ‘ప్రభూ, నీవు నిత్యమూ శక్తిమంతుడవు’ అనే హీబ్రూ ప్రార్థనలోని పదాల మొదటి అక్షరాలవి. ముద్రను ఆవాహన బల్ల మీద పెడతారు, అప్పుడు వెనుకవైపు బల్లకు ఆనుకుని కనబడదు కాబట్టి వదిలేశారనుకోవచ్చు. కాని ఎవరికీ కనబడని చోట కూడా ఆ ప్రార్థనను చెక్కించడంలోనే డీ భక్తి తెలుస్తుంది, దాన్ని వదిలేయడం చిన్న లోపం కాదు.

చిన్న ముద్రలు బాగున్నాయి. ఆ బల్ల నాలుగు కాళ్ల కింద ఒక్కొక్కటి పెట్టడానికి ఉద్దేశించినవి కాబట్టి నాలుగూ ఇవ్వడం సరైన పనే. పట్టుగుడ్డ కూడా నాణ్యమైనదే. ముద్ర మీద గుడ్డ పరిచి, దానిపై స్ఫటికాన్ని నిలిపే ఏర్పాటును చూసుకోవడానికి అది చాలు.

అద్దం విషయంలో వస్తువు మంచిది, దాని గురించి చెప్పిన మాట మంచిది కాదు. రాయి మెక్సికో అబ్సిడియనే, పలుచని అంచును వెలుగుకు పట్టి చూస్తే పొగరంగులో కొద్దిగా పారదర్శకంగా కనిపిస్తుంది. డీదిగా పేరుపడి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అద్దానికి ఉన్నట్టే దీనికీ పైన రంధ్రం ఉన్న చిన్న పిడి ఉంది. ఆ అద్దం అజ్టెక్ ప్రజలు చేసినది. దాని శిల మెక్సికోలోని పచూకా ప్రాంతానిదని 2021లో ప్రచురితమైన ఎక్స్‌రే పరిశీలన తేల్చింది. ‘డీ దేవదూతలను చూసిన అద్దం ఇదే’ అని పుస్తిక ఖాయంగా రాసింది. ఆ అద్దాన్ని డీకి ముడిపెట్టే ఆధారం పద్దెనిమిదో శతాబ్దంలో దాన్ని దక్కించుకున్న ఆంగ్ల రచయిత హొరేస్ వాల్‌పోల్ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. డీ రాతల్లో మళ్లీ మళ్లీ కనబడేది స్ఫటికమే, చూసినవాడు కూడా ప్రధానంగా కెల్లీయే. స్ఫటికం స్థానంలో పెట్టెలో ఉండవలసిన గాజు గోళం ఉండక, ఉండనవసరం లేని అద్దం ఉండటానికి అమ్మకపు ఆకర్షణ తప్ప మరో కారణం నాకు తోచడం లేదు.

నా ప్రధాన అభ్యంతరం కాన్వాసు మీద, దాన్ని సమర్థిస్తూ పుస్తిక రాసిన పేజీల మీద. కాన్వాసు మీది వృత్తం, త్రికోణం డీవి కావు. గొయెతియా అనే పదిహేడో శతాబ్దపు ఆంగ్ల మంత్రగ్రంథం నుంచి తెచ్చినవి. 72 మంది భూతాలను వారి హోదాలతో, ముద్రలతో వర్ణించే ఆ గ్రంథం పద్ధతే వేరు. మాంత్రికుడు 9 అడుగుల వృత్తంలో రక్షణగా నిలబడతాడు, దానికి 2 అడుగుల దూరంలో 3 అడుగుల త్రికోణం ఉంటుంది, భూతాన్ని ఆ త్రికోణంలోకి రప్పించి శాసిస్తాడు. మాట వినకపోతే ఆ భూతం ముద్రను గంధకం, ఇంగువ వేసిన నల్లటి కర్రపెట్టెలో పెట్టి, ఇనుప తీగ చుట్టి, కత్తిమొనకు వేలాడదీసి నిప్పుల మీద పట్టుకుంటాడు. డీ సమావేశాల్లో ఈ బెదిరింపుకు చోటు లేదు. ఆయన దృష్టిలో వచ్చేవారు దేవుడు పంపిన దూతలు, తాను జ్ఞానం కోసం వేడుకుంటున్న భక్తుడు. వేడుకోవడాన్నీ శాసించడాన్నీ ఒకే గుడ్డ మీద అచ్చువేస్తే చదువరికి రెండూ అర్థం కాకుండా పోతాయి. ఈ పద్ధతులన్నిటినీ ఒక విద్యాక్రమంలోకి తెచ్చినది 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే మంత్రవిద్యా సంఘం. ఆ మాట పుస్తికలో ఒక్క వాక్యంగా చెప్పినా ఈ కలగాపులగానికి కొంత న్యాయం జరిగేది. పోనీ గొయెతియా కాన్వాసుగానైనా సరిపోతుందా అంటే, వృత్తం 5 అడుగులే, త్రికోణం వృత్తాన్ని తాకుతోంది, మధ్యలో ఉండవలసిన 2 అడుగుల ఎడమే లేదు.

పుస్తికలో నాకు నచ్చిన భాగం డీ కాగితాల కథ. ఒక మిఠాయి వ్యాపారి దంపతులు కొన్న పాత చెక్కపెట్టె రహస్యపు అరలో ఆ కాగితాలు 1662 ప్రాంతంలో బయటపడ్డాయి. పనిమనిషి వాటిలో చాలావాటిని వంటపనికి వాడేసింది. మిగిలినవి 1666 లండన్ అగ్నిప్రమాదాన్ని కూడా తప్పించుకుని 1672లో పాత వస్తువులు, రాతప్రతులు సేకరించే ఈలియస్ ఆష్‌మోల్ చేతికి చేరాయి. ఈ భాగంలో తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి, చెప్పిన తీరు కూడా బాగుంది.

మొత్తం పెట్టెను 185 పౌండ్లకు కొనమని నేను చెప్పలేను. పెద్ద ముద్రనూ చిన్న ముద్రలనూ విడిగా ఇస్తారా అని తయారీదారులకు రాశాను. 80 పౌండ్లకు ఇస్తామని, ముందుగా చెబితే వెనుకవైపు శిలువనూ అక్షరాలనూ చేతితో చెక్కి పంపుతామని మర్యాదగా జవాబిచ్చారు. ఆసక్తి ఉన్నవారు అలా అడిగి తెప్పించుకుని, గాజు గోళాన్ని వేరేచోట కొనుక్కోవడం మేలు. వేసవిలో తెప్పించుకునేటట్లయితే మైనం మెత్తబడకుండా గట్టి అట్టల మధ్య సర్దమని కూడా చెప్పండి, ఇంట్లో ఎండ తగలని చోట పడుకోబెట్టి ఉంచండి. నిలబెడితే కొన్నాళ్లకు ముద్ర వంగుతుంది.