సీతమ్మకొండ ఒక్కడినే ఎక్కేను, జీన్స్ వేసుకుని మాత్రం వెళ్ళకండి

పాడేరు దగ్గర మబ్బులు చూడ్డానికి జనం ఎక్కే వంజంగి కొండకి రెండుసార్లు వెళ్ళి విసుగొచ్చేసింది. తెల్లారగట్ల నాలుగింటికే కొండకింద కార్లు బారులు తీరతాయి, పైన మబ్బుల కన్నా సెల్ఫీ స్టిక్కులే ఎక్కువ. అందుకే డిసెంబర్‌లో ఎవరికీ చెప్పకుండా సీతమ్మకొండకి బయల్దేరేను. తూర్పు కనుమల్లో ఇదే ఎత్తయినది అంటారు, ఒకచోట 1680 మీటర్లని ఇంకోచోట 1690 అని రాస్తారు, అర్మకొండ, జిందగడ అని పేర్లు కూడా ఉన్నాయి. ఆ పది మీటర్ల తేడా కాళ్ళకేం తెలీదులెండి.

వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో మధ్యాహ్నం పాడేరు బస్సెక్కితే చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కించి నాలుగు గంటల్లో దింపేడు. మాడుగులలో ఆగిన ఐదు నిమిషాల్లో హల్వా పావుకిలో కొనేసేను, మర్నాడు కొండమీదికి అదే నా టిఫిను. లాడ్జిలో గది తొమ్మిది వందలు. వేణ్ణీళ్ళున్నాయన్నాడు, గీజర్ స్విచ్ వేస్తే ఎర్రలైటు వెలిగింది, అంతే. రెండో దుప్పటికి ఇంకో వంద. బస్టాండ్ పక్కనే ఉండడం ఒక్కటే దానికి ప్లస్. అయినా టెంట్ కన్నా నయం, పోయినేడు మా ఆఫీసు కుర్రాళ్ళు టెంట్లో పడుకుంటే మంచు కారి రాత్రంతా కూర్చునే తెల్లార్చేరు.

పొద్దున్నే ఆటో మాట్లాడుకుని హుకుంపేట వైపు వెళ్ళి కొండకింద ఊళ్ళో దిగేను. ఐదొందలు తీసుకున్నాడు, సాయంత్రం మళ్ళీ రానని ముందే చెప్పేసేడు, అదీ మంచిదే. ఇళ్ళముందు టార్పాలిన్ల మీద కాఫీ పళ్ళు ఆరబోసున్నాయి. నెగడు దగ్గర కూర్చున్న తాత ఒకాయన "ఒక్కడివేనా బాబూ? ఎండ రానీ, అప్పుడెక్కు" అన్నాడు. దారి కనపడదనేమో అనుకున్నాను, ఫోన్‌లో మ్యాప్ ఉందిగా అని ఆగలేదు.

ఆయన చెప్పింది దారి గురించి కాదు, గడ్డి గురించి. నడుమెత్తు గడ్డి, ప్రతి పోచ మీదా మంచు. పది నిమిషాల్లో జీన్స్ తొడలదాకా తడిసి బరువెక్కిపోయింది, బూట్లలోకి నీళ్ళు దిగి అడుగేస్తే పిచిక్ పిచిక్ మంటోంది. పైన తడి, లోపల చెమట. ఇదే శిఖరం అనుకుని ఎక్కుతాను, దాని వెనకాల ఇంకోటి లేచుంటుంది, అలా మూడుసార్లు. పదకొండింటికి పైకి చేరేను. చెట్టన్నది లేదు, గాలి ఒకటే కొట్టుడు, ఆగి నిలబడ్డ రెండు నిమిషాల్లో చెమట చొక్కా వీపుకి ఐసుగడ్డలా అంటుకుపోయింది. పాలిథిన్ కవర్లో పెట్టుకున్న పొడి బనీను నన్ను కాపాడింది. కింద మడి చెక్కల్లో వలిసె (నూనెగింజల పంట) పూల పసుపు అక్కడక్కడా ఇంకా మిగిలుంది, చుట్టూ కొండలే కొండలు, మనిషి అలికిడి లేదు. అరగంట కూర్చున్నాను, ఫొటోలు మూడో నాలుగో తీసేనేమో.

దిగేటప్పుడు అసలు తంటా. పశువులు నడిచిన దారులన్నీ మన దారిలాగే ఉంటాయి, సిగ్నల్ లేక మ్యాప్ బాణం కదల్లేదు. తప్పుదారిలో ఒక కాఫీ తోటలో తేలేను, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం పాదులు పాకించి ఉన్నాయి. పళ్ళు కోస్తున్న ఆడవాళ్ళు నవ్వి, గెడ్డ (వాగు) దాటి ఎడమకి పొమ్మన్నారు. ఊళ్ళోకొచ్చేసరికి నాలుగైంది. తాత నా కాళ్ళవంక చూసి ఏమీ అనలేదు, లోపలికెళ్ళి చోడంబలి, అదే రాగి అంబలి, పట్టుకొచ్చేడు. డబ్బులిస్తే తీసుకోలేదు, మిగిలిన హల్వా ఇస్తే మాత్రం మనవడిని కేకేసేడు. ఈ ట్రిప్పులో నేను ఫైవ్ స్టార్ ఇచ్చేది ఆ అంబలికే.

పిల్లలతో అయితే వంజంగే వెళ్ళండి, టీ కొట్లున్నాయి, జనం ఉంటారు. సీతమ్మకొండకైతే ఊళ్ళో మనిషిని ఒకరిని తోడు తీసుకుని కూలి ఇవ్వండి, నాలాగ వేషాలెయ్యకండి. నేనైతే ఆ సాయంత్రం మెయిన్ రోడ్డుకి నడిచి షేర్ జీపు పట్టుకుని పాడేరు, అక్కణ్ణుంచి బస్సు. కాంప్లెక్స్‌లో దిగేసరికి రాత్రి పదకొండు దాటింది, చొక్కాలతో తిరిగేవాళ్ళ మధ్య నేనొక్కడినే మంకీ క్యాపుతో. జీన్స్ అంచులు అప్పటికీ ఆరలేదు.