కొత్త ప్లాస్టింగ్ మీద రంగులు: ఆరేళ్ల తర్వాత మా గోడలు ఎలా ఉన్నాయంటే

గుంటూరు విద్యానగర్‌లో మేం కట్టుకున్న ఇంటికి 2019 ఎండాకాలం చివర్లో లోపలి రంగులు వేయించాం. ఆరేళ్లు దాటింది. హాల్లో, ముందు బెడ్‌రూములో ఇప్పటికీ ఒక్క పొక్కు లేదు, ఎక్కడా పొర లేవలేదు, గోడకు చెయ్యి రాస్తే పొడి అంటదు. ఖరీదైన రంగేమీ వాడలేదు. గోడ నునుపు కోసం పట్టించే వైట్ సిమెంట్ లప్పం (పుట్టీ) రెండు కోటింగులు, రంగుకి ముందు అడుగుపూతగా నీళ్లలో కలిపే ప్రైమర్ ఒకటి, పైన మధ్యరకం ఎమల్షన్ రంగు రెండు. అంతే. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. హాల్లో ఒక కంపెనీది, బెడ్‌రూముల్లో ఇంకోదాన్ని వాడాం, రెండూ ఒకేలా నిలిచాయి. కొత్త గోడ మీద రంగు నిలుస్తుందా ఊడుతుందా అన్నది డబ్బా మీది పేరు కంటే, డబ్బా మూత తీసే రోజుకి గోడ ఎంత ఆరిందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా గట్టి అభిప్రాయం.

మన దగ్గర ఇల్లు కట్టే ప్రతివాళ్లకీ ఇక్కడ అడ్డొచ్చేది ముహూర్తం. మాకు ప్లాస్టింగ్ ఫిబ్రవరిలో అయింది, గృహప్రవేశం మార్చిలో పెట్టారు. "రంగుల్లేకుండా గృహప్రవేశం ఏంటమ్మా, చుట్టాలు ఏమనుకుంటారు" అని మా అత్తగారు చాలా బాధపడ్డారు. ఆవిడ బాధలో న్యాయం ఉంది. అయినా గుమ్మాలకు పసుపు కుంకుమలు, మావిడాకు తోరణాలు, బంతిపూల దండలు కట్టి, గోడలు మాత్రం సిమెంటు రంగులోనే ఉంచి పాలు పొంగించాం. పోనీ సున్నమైనా కొట్టిద్దామన్నాడు మేస్త్రి. సున్నం తడిగోడకు హాని చెయ్యదు, లోపలి చెమ్మను బయటికి పోనిస్తుంది కూడా. కానీ దాని మీద తర్వాత లప్పం పెట్టాలంటే మొత్తం గీకించాలి. గీకకపోతే సున్నం పొరతో పాటు లప్పమూ ఊడొస్తుంది. అందుకని వద్దన్నాను. ఎప్పటికీ సున్నంతోనే సరిపెట్టుకునేవాళ్లకి మాత్రం దాన్ని మించింది లేదు.

ఆరబెట్టడం కంటే ముందు తడపడం గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. ప్లాస్టింగ్ అయిన మర్నాటి నుంచి వారానికి తగ్గకుండా గోడ తడిగా ఉండాలి. మన ఎండలకి పొద్దున పట్టిన నీళ్లు పదకొండు కల్లా ఎగిరిపోతాయి, అందుకని రోజుకి రెండు మూడుసార్లు పైపు పట్టుకోవాల్సిందే. నీళ్లు చాలని గోడను గోరుతో గీకి చూడండి, ఇసుక రాలుతుంది. దాని మీద ఎంత మంచి రంగు వేసినా ఇసుకతో సహా ఊడుతుంది. నీళ్లు పట్టడం ఆపేశాక, ఆ రోజు నుంచి ఆరే లెక్క మొదలవుతుంది. రంగుల కంపెనీలు సాధారణంగా 28 రోజులు అంటాయి. సిమెంటు బలం పట్టడానికి ఆ లెక్క బాగానే ఉంటుంది. ఇటుక తాగిన నీళ్లు, ప్లాస్టింగ్ తాగిన నీళ్లు అన్నీ బయటికి రావడానికి అది కనీసం మాత్రమే. మేం దాదాపు మూడు నెలలు ఆగాం, అదీ కిటికీలు తెరిచి, ఫ్యాన్లు తిప్పి.

ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పలేం. పైన ఎండి లోపల తడిగా ఉంటుంది. నేను రెండు పరీక్షలు చేశాను, రెండూ ఖర్చు లేనివే. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శకమైన పాలిథీన్ కవరు ముక్కను గోడకు పెట్టి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించాలి. సాయంత్రం అంటించి మర్నాడు మధ్యాహ్నం చూడాలి. హాల్లో కవరు పొడిగా ఉంది. ఉత్తరం వైపు బెడ్‌రూములో మాత్రం కవరు లోపలివైపు సన్నటి నీటి చుక్కలు పట్టాయి, తీసి చూస్తే దాని కింద గోడ చతురస్రంగా ముదురు రంగులో కనిపించింది. చుట్టూ ఉన్న గోడ మాత్రం పొడిగా, లేత రంగులోనే ఉంది! కవరును ఎండ తగిలే గోడకే పెట్టి సంతోషపడొద్దు. తలుపు వెనక, బాత్‌రూమ్ గోడకు అవతలివైపు, నేలకు జానెడు ఎత్తులో పెట్టాలి.

రెండోది పసుపు. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రనీళ్లవుతాయని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, హారతి పళ్లెంలో చూస్తూనే పెరిగాం. కొత్త సిమెంటు గోడలోనూ ఆ సున్నపు గుణమే ఉంటుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు సున్నం విడుదలవుతుంది కాబట్టి పచ్చి గోడ పీహెచ్, అంటే క్షారపు ఘాటు కొలత, 12, 13 దాకా ఉంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలేకొద్దీ పైపొరలో ఆ ఘాటు తగ్గుతుంది. తెల్ల కాగితాన్ని పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టుకుని, గోడను ఒకచోట కాస్త తడిపి దాని మీద అద్దాలి. ఫిబ్రవరిలో కాగితం కుంకుమలా ఎర్రబడింది. మే నాటికి లేత నారింజ దగ్గర ఆగిపోయింది. కల్తీ పసుపుతో చేస్తే ఏమీ తేలదు, మాకు దుగ్గిరాల పసుపు ఇంట్లోనే ఉంది కాబట్టి సరిపోయింది. అయితే ఈ పరీక్ష పైపొర సంగతే చెబుతుంది. లోపలి తడి తెలియాలంటే కవరే దిక్కు.

ఈ సున్నపు ఘాటుకి అంత ప్రాధాన్యం ఎందుకంటే, అది నూనెతో పడదు. మా పెయింటర్ ముందు ఆయిల్ ప్రైమర్ వేద్దామన్నాడు. పట్టు బాగుంటుందట. పాత గోడకు కావచ్చు. కొత్త గోడలో క్షారం, ప్రైమర్‌లో నూనె, వీటికి తోడు చెమ్మ ఉంటే అక్కడ జరిగేది సబ్బు తయారీయే. పొర జిగురుగా, మెత్తగా అయిపోయి పైన ఉన్న ఎమల్షన్‌తో సహా వదిలేస్తుంది. అందుకే క్షారాన్ని తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న వాటర్ ప్రైమరే తెప్పించాను.

పెయింటర్ మంచివాడు, పనిమంతుడు. కానీ తడి విషయంలో అందరూ చెప్పే మాటే చెప్పాడు: "లప్పం పెట్టేస్తే లోపలి తడి బయటికి రాదు మేడం, మూసుకుపోద్ది." గోడలో తడి ఎక్కడికీ పోకుండా ఊరుకోదు. ఎండ తగలగానే బయటికి తోసుకొస్తుంది, దారిలో ఉన్న రంగును పొక్కులా లేపుతుంది. వస్తూ వస్తూ ఉప్పును కూడా తెస్తుంది. మనం చవుడు అనేది అదే. చవుడు తేలిన చోట నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే వెళ్తుంది. పొడి బ్రష్‌తో దులిపి, ఊడ్చి, కొన్నాళ్లు ఆగి మళ్లీ తేలుతుందేమో చూడాలి. మళ్లీ తేలితే ఇంకా ఆగాల్సిందే. ఈ ముక్కలన్నీ అతనికి చెప్పాను, విన్నాడు, మూడు నెలల తర్వాత రమ్మంటే వచ్చాడు. అందుకు అతనికి ఇప్పటికీ కృతజ్ఞతగానే ఉన్నాను.

లప్పం దగ్గర మాత్రం పక్కనే నిలబడాలి. రెండు కోటింగులూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. ప్లాస్టింగ్‌లో ఎత్తుపల్లాలుంటే వాటిని లప్పంతో పూడ్చడం అలవాటు, అలా మందంగా పెట్టిన చోటే తర్వాత పెచ్చులూడేది. మేం రాత్రిపూట టార్చిలైటు గోడకు ఆనించి పక్కవాటుగా వేసి చూశాం. గుంటలు నీడలతో సహా బయటపడ్డాయి. పెద్దవాటిని మేస్త్రితోనే సిమెంటు, సన్న ఇసుకతో సరిచేయించాం, ఆ అతుకులు ఆరడానికి మళ్లీ ఆగాం. కలిపిన లప్పం రెండు మూడు గంటల్లో వాడెయ్యాలి. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి, గట్టిపడుతున్న లప్పంలో ఇంకో చెంబు నీళ్లు పోసి తిప్పితే దాని బలం పోయినట్టే. లప్పం కూడా సిమెంటే కనుక దానికీ ఆరే టైం ఇవ్వాలి. ఎమరీ కాగితంతో రుద్దాక గోడంతా శుభ్రంగా తుడిపించకపోతే ప్రైమర్ గోడను కాకుండా దుమ్మును పట్టుకుంటుంది. ఎమల్షన్ వేయడం వీటన్నిటి ముందు తేలిక పని, దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు కోటింగుల మధ్య నాలుగు గంటలు ఆగితే చాలు, వానాకాలంలో ఇంకాస్త ఎక్కువ.

ఉత్తరం గదికి ఎండ రాదు, పక్కింటి గోడ దగ్గరగా ఉంటుంది. జూన్‌లో వానలు మొదలయ్యే నాటికీ కవరు కింద చెమ్మ పోలేదు. ఆ గదిని అలాగే వదిలేసి, సంక్రాంతి వెళ్లాక వేయించాం. పిల్లలు అన్ని నెలలు సిమెంటు గోడల గదిలో చదువుకున్నారు, ఏమీ కాలేదు. ఆ గది కూడా హాల్లాగే నిక్షేపంగా ఉంది.

అదే సమయంలో విజయవాడలో మా తమ్ముడు కొత్త ఫ్లాట్ తీసుకున్నాడు. అందులో ప్లాస్టింగ్‌కీ రంగుకీ మధ్య పట్టుమని నెల కూడా లేదు. ఏడాది తిరక్కుండా నీలం గోడ మీద పాలిపోయిన మచ్చలు వచ్చాయి, బాల్కనీ పక్క గోడ మీద అరచేతి వెడల్పున పొక్కులు లేచాయి. గోరుతో ఒకటి లేపి చూస్తే రంగు, ప్రైమర్, లప్పం కలిసి ఒకే పెచ్చుగా వచ్చాయి, వెనకవైపు తెల్లటి ఉప్పుపొడి. వాడు వేయించింది మాకంటే రెండు మెట్లు పైరకం రంగు.

మా ఇంట్లో తేడా చేసినవీ చెప్తాను. ఏసీ పెట్టడానికి వచ్చినవాళ్లు గోడ తొలిచి, సిమెంటుతో పూడ్చి, వారంలోనే పైన రంగు అద్ది వెళ్లారు. సరిగ్గా ఆ పట్టీ ఆకారంలోనే పొక్కులొచ్చాయి. మళ్లీ గీకించి, ఎండాకాలమంతా వదిలేసి వేయించాక నిలిచింది. కరెంటు పైపుల కోసం ఆలస్యంగా కొట్టిన గాడులకూ ఇదే వర్తిస్తుంది, గోడ పాతదైనా అతుకు కొత్తది. ఇక పడమటి గోడ అడుగున జానెడు ఎత్తున ఏటా చవుడు తేలుతోంది. అది నేలలోంచి ఎక్కే చెమ్మ, మా బోరు నీళ్లు ఉప్పన కూడా. దానికి పునాది దగ్గరే అడ్డుపొర సరిగ్గా పడాలి, ఆరబెట్టడంతో తీరే సమస్య కాదు. అక్కడ మాత్రం ఎమల్షన్ మానేసి సున్నం కొట్టిస్తున్నాం. స్విచ్‌బోర్డుల చుట్టూ చేతి మరకలు సరిగా పోవు, మధ్యరకం రంగుతో ఆ ఇబ్బంది ఉంది. చిన్నపిల్లలుంటే బాగా కడగగలిగే రకం తీసుకోండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్లింట్లో నడుం ఎత్తున నీళ్లు నిలిచాయి. దీపావళికల్లా రంగులు వేయిద్దామని బాబాయి తొందరపడ్డారు. నేను వెళ్లి కవరు అంటించి చూపించాను, గంటలోనే చుక్కలు పట్టాయి. నీళ్లు నానిన పాత గోడ, రంగు విషయంలో కొత్త గోడతో సమానం. ఊడుతున్న ప్లాస్టింగ్ కొట్టించి, ఎండాకాలం దాకా ఆగి వేయించారు. ఆ తర్వాత ఒక వానాకాలం గడిచింది, గోడలు బాగున్నాయి.

ఈ సంక్రాంతి తర్వాత మా ఇంటికి మళ్లీ రంగులు వేయించాలి. ఊడినందుకు కాదు, రంగు మాసిందని. అదే పెయింటర్ వచ్చి గోడలు తట్టి చూశాడు. గీకే పని లేదు, లప్పం అక్కర్లేదు, తుడిచి సన్న ఎమరీ పట్టి నేరుగా ఎమల్షన్ వేసెయ్యొచ్చన్నాడు. పడమటి గోడ అడుగు భాగం ఒక్కటే లెక్కలోంచి తీసేశాడు.