రూ.4,870కే గోవా అన్నారు

మనిషికి రూ.4,870కే గోవా అని మా మరిది ఫోన్‌లో చూపించిన సాయంత్రం నుంచి ఇంట్లో ఇంకెవరి మాటా చెల్లలేదు. భువనేశ్వర్‌లో ఎక్కాలి, హైదరాబాద్‌లో మారాలి, గోవాలో దిగాలి. తిరుగు టికెట్టు రూ.5,230. ఆరుగురికి రానూపోనూ రూ.60,600. వచ్చాక రసీదులన్నీ ముందేసుకుని కూడితే, తిండి, బస కాకుండానే ఇంకో రూ.16,100 తేలింది. ఆ పదహారు వేల సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. గోవా బాగుందా అంటే బాగుంది. అది తర్వాత.

మాది ఒడిశాలోని బరంపురం. గోపాల్‌పూర్ మాకు పదహారు కిలోమీటర్లు. "ఇంటి పక్కన సముద్రం పెట్టుకుని ఇంకో సముద్రం చూడ్డానికి పోవడం ఏమిటి?" అని మా ఆయన మొదట్నుంచీ సణుగుడే. ఆ మాటలో నిజం లేకపోలేదు గానీ, గోపాల్‌పూర్ సముద్రం కూర్చుని చూడ్డానికి బాగుంటుంది, దిగడానికి కాదు. ఒడ్డు దగ్గరే లోతు. అల వెనక్కి లాగిందంటే పెద్దవాళ్లకే కాళ్లు నిలవవు. అక్కడ చేపల వేటకెళ్లే నోలియాలు తరాలుగా ఒడిశా తీరంలో ఉన్నా ఇళ్లల్లో తెలుగే మాట్లాడతారు. మా వాడు రెండడుగులు ముందుకేస్తే చాలు, "ఏటి బాబూ, ఎక్కడికి?" అని వాళ్లే కేకేస్తారు. వాడికి తొమ్మిదేళ్లు. నీళ్లలో మునిగి ఆడాలని వాడి కోరిక.

మా ఆయన ఇంకో మాట కూడా అన్నారు. కోల్‌కతా దగ్గరి షాలిమార్ నుంచి వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ మా ఊళ్లోనే ఆగుతుంది, తిన్నగా గోవాలోని మడ్గావ్‌లో దింపుతుంది. ముప్పై గంటల పైమాటే అనుకోండి. "డెబ్బై ఏళ్ల మనిషిని అన్ని గంటలు రైల్లో కూర్చోబెడతావా?" అని మరిది అత్తగారిని అడ్డం పెట్టుకుని గెలిచేశాడు. ఆవిడ ఎప్పుడూ విమానం ఎక్కలేదు. ఎక్కుతాననీ అనలేదు, ఎక్కననీ అనలేదు.

టికెట్లు తీయడంలోనే మెలిక ఉంది. ఏదో క్రెడిట్ కార్డు ఆఫర్ ఒక్కో బుకింగ్‌కి ఆరు వందలు తగ్గిస్తుందని మరిది ఆరుగురినీ రెండు బుకింగ్‌లుగా విడగొట్టాడు. అత్తగారు, మా వాడితో కలిపి మేం నలుగురం ఒక పీఎన్ఆర్, అతనూ మా తోడికోడలూ ఇంకోటి. పన్నెండు వందలు మిగిలాయని మురిసిపోయాడు. డబ్బు కట్టే పేజీలో కన్వీనియెన్స్ ఫీజని మనిషికి, వైపుకి మూడు వందల చొప్పున రూ.3,600 కలిసింది. ఎవరికి కన్వీనియెన్సో ఇప్పటికీ అంతుబట్టలేదు.

భువనేశ్వర్ కౌంటర్ దగ్గర అసలు కథ మొదలైంది. మనిషికి పదిహేను కిలోల పెట్టె, ఏడు కిలోల చేతిసంచి ఉచితం. మా నలుగురి పెట్టెలు కలిపి 49 కిలోలు. మాకు అరవై దాకా ఉంది కాబట్టి అవి బెల్టు మీద వెళ్లిపోయాయి. తర్వాత మరిది వాళ్లవి తూస్తే 34. నాలుగు కిలోలు ఎక్కువ. మడ్గావ్‌లో ఉన్న స్నేహితుడికని బరంపురం అప్పడాలు, ఆవకాయ, తోడికోడలి పట్టుచీరలు, అన్నీ అందులోనే. "అందరం ఒకే ఇంటివాళ్లం, మొత్తం తొంభై కిలోలుండగా ఎనభై మూడే కదా?" అని మరిది ఒడియాలో అడిగాడు. ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది: పీఎన్ఆర్ వేరు. ఇతను హిందీలోకి మారాడు. ఆవిడ ఇంగ్లీషులోనే ఉంది. సరే, మా పెట్టె వెనక్కి రప్పించండి, అందులో సర్దుకుంటాం అంటే, ట్యాగ్ పడింది, కుదరదంది. కిలోకి రూ.650, మొత్తం రూ.2,600. పన్నెండు వందల ఆదాకి ఇరవై ఆరు వందల వడ్డన. తోడికోడలు ఆ తర్వాత హైదరాబాద్ దాకా మొగుడితో మాట్లాడలేదు.

ఇది చాలదన్నట్టు లోపలికెళ్లాక అత్తగారి పేరు మైకులో పిలిచారు. ఆవిడ చెయ్యి నా చేతిలో చల్లబడిపోయింది. తీరా వెళ్తే, ఆవిడ పెట్టె తెరవమన్నారు. గోవాలోని మంగేశి గుడిలో ఇద్దామని చీరల మడతల్లో నాలుగు కురిడీ కొబ్బరికాయలు పెట్టుకున్నారు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల కింద విమానాల వాళ్ల లెక్క. అందుకని పెట్టెలో వేయనివ్వరు. ఆ మాట చెప్పిన సెక్యూరిటీ అబ్బాయి మాత్రం మర్యాదస్థుడు. "మావుసీ, తప్పు మీది కాదు, చాలామంది తెస్తారు" అని ఒడియాలో నెమ్మదిగా చెప్పి, కాయలు ఆవిడ చేతే పక్కన పెట్టించాడు. చెత్తబుట్టలో పడేయలేదు. అత్తగారు ఆ అబ్బాయి గురించి ఇప్పటికీ చెబుతారు. కౌంటర్ అమ్మాయి గురించి కూడా చెబుతారనుకోండి, వేరే రకంగా.

సీట్ల సంగతి. వెబ్ చెక్ఇన్‌లో దాదాపు ప్రతి సీటు మీదా ఒక ధర కనిపించింది. కొనకపోతే మిగిలినవాటిలో ఎక్కడో పడేస్తారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి అదే పీఎన్ఆర్‌లో ఉన్న అమ్మానాన్నల్లో ఒకరి పక్కన సీటివ్వాలని విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో చెప్పింది కాబట్టి మా వాడు నా పక్కకొచ్చాడు. మొదటిసారి ఎక్కుతున్న పెద్దావిడకి అలాంటి రూలేమీ లేదు. ఆవిడకి వెనకెక్కడో మధ్య సీటు, మా ఆయనకి ముందు. ఆవిడ పక్కనున్న కుర్రాడెవరో అడక్కుండానే లేచి మా ఆయనతో మార్చుకున్నాడు. తిరుగు ప్రయాణానికి ఆ టెన్షన్ పడలేక ఆరు సీట్లూ రూ.300 చొప్పున కొన్నాం. రూ.1,800.

విమానంలో మెచ్చుకోదగింది ఒకటే. వీల్‌చెయిర్. టికెట్టు తీసేటప్పుడే అడిగితే దానికి పైసా పుచ్చుకోలేదు. "నాకేమొచ్చింది, నడవలేనా?" అని అత్తగారు ముందు విదిలించేశారు. హైదరాబాద్ విమానాశ్రయంలో ఆ నడక పొడుగు చూశాక మారు మాట్లాడకుండా కూర్చున్నారు. తోసిన అబ్బాయిది మహబూబ్‌నగర్ అట. వాడి తెలుగు ఈవిడకి కొత్త, ఈవిడ తెలుగు వాడికి కొత్త, గేటు చేరేలోపు వాడి చెల్లెలి పెళ్లి ఖర్చు దాకా తెలుసుకున్నారు. పెద్దవాళ్లతో వెళ్తే మొహమాటపడకుండా అడగండి. లోపల తిండి మాత్రం కొనకండి. కప్పులో వేడినీళ్లు పోసిచ్చే ఉప్మా రూ.250. మంచినీళ్లు అడిగితే ఊరికే ఇస్తారు, అడక్కపోతే సీసా అమ్ముతారు.

గోవాలో దిగాక తెలిసింది, అక్కడ రెండు విమానాశ్రయాలున్నాయని. పాతది దబోలిం, దక్షిణాన. కొత్తది మోపా, ఉత్తరం కొసన, 2023 జనవరిలో మొదలైంది. టికెట్టు మీద జీఓఐ అని ఉంటే దబోలిం, జీఓఎక్స్ అని ఉంటే మోపా. మా చవక టికెట్టు మోపాకి. మేం గది తీసుకున్నది కోల్వా పక్కన బెనౌలింలో, అంటే దక్షిణాన. ఆరుగురికి, పెట్టెలకి సరిపడా పెద్ద కారు రూ.3,600. మన ఊళ్లలాగా ఓలా, ఊబర్ అక్కడ చెల్లవు, కౌంటర్‌లో రాసిందే రేటు. తిరిగి వచ్చేటప్పుడు మడ్గావ్ నుంచి గోవా ప్రభుత్వ కదంబ వాళ్ల బస్సెక్కాం, హాయిగా వచ్చాం. పోయేటప్పుడే ఆ బస్సు కోసం కాసేపు ఆగుదామంటే మరిది వినలేదు.

బెనౌలిం గది శుభ్రం, రోజుకి రూ.2,200, చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. క్రిస్మస్ వారంలో అదే గదికి రెండు, మూడింతలు చెబుతారు, డిసెంబర్ మధ్యలోనే వెళ్లి వచ్చేయండి. సముద్రం మాత్రం నిజంగా బాగుంది. ఒడ్డు చదునుగా చాలా దూరం పోతుంది. ఎరుపు పసుపు జెండాలు పాతి, ఈల పట్టుకుని లైఫ్‌గార్డులుంటారు. మా వాడు పొద్దున దిగితే మధ్యాహ్నానికి బలవంతాన లాక్కురావాలి. సణిగిన మా ఆయన పంచె పైకి కట్టి వాడితోపాటే.

తిండి గురించి ఒక పూట చెప్పాలి. మడ్గావ్ మార్కెట్ వెనక సందులో, బల్లలు నాలుగే ఉన్న చిన్న హోటలు. చేపల థాలీ రూ.220, శాకాహారం రూ.150. మాకు అన్నం, కొబ్బరి వేసిన చేపల కూర, రవ్వ అద్ది వేయించిన వంజరం ముక్క. అత్తగారికి ధనుర్మాసం, నీచు ముట్టరు. ఆవిడ ముందు అలసందల్లాంటి గింజలతో చేసిన కూర, గిన్నెలో గులాబీరంగు నీళ్లు పెట్టారు. "ఇదేటి, రంగునీళ్లు?" అన్నారు. సోల్‌కడీ అది. కోకమ్ అనే ఎండబెట్టిన పుల్లటి పండు తొక్క నానబెట్టి పిసికి, కొబ్బరిపాలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి కలుపుతారు. మా వాళ్లెవరికీ నచ్చలేదు. ఆవిడ ఒక గుక్క తాగి ఆగి, ఇంకో గుక్క తాగి, మా అందరి గిన్నెలూ తన వైపు జరుపుకున్నారు. వడ్డించేవాడు చూసి నవ్వి ఇంకోటి ఊరికే తెచ్చిపెట్టాడు. భాష రాకపోయినా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, చేతుల సైగలతో కొలతలు అడిగి తెలుసుకుని, మార్కెట్‌లో పావుకిలో కోకమ్ కొని గానీ కదల్లేదు. చింతపండు పులుసు తప్ప ఇంకో పులుపుని ఒప్పుకోని మనిషి. బీచ్ మీద షాక్‌లనే పాక హోటళ్లలో ఇదే భోజనానికి ఇంతకు మూడింతలు, కూర్చున్నందుకు అనుకోవాలి.

ఇక తిరుగు ప్రయాణం. హైదరాబాద్ నుంచి రాత్రి 9.10కి మా విమానం. ముందు నలభై నిమిషాలు ఆలస్యమని మెసేజ్. తర్వాత ఇంకో యాభై. తర్వాత ఇంకో గంట. ఒకేసారి అయిదు గంటలని చెబితే జనం వేరే దారి చూసుకుంటారు కదా, అందుకని ముక్కలు చేసి చెబుతారు. కారణం ఏమిటంటే 'ఆపరేషనల్'. ఉత్తరాదిన పొగమంచులో ఇరుక్కున్న విమానమే తిరిగొచ్చి మమ్మల్ని ఎక్కించుకోవాలట. ఆ ముక్క గేటు దగ్గర ఊడ్చే ఆవిడ చెప్పింది, యూనిఫాం వాళ్లు చెప్పలేదు.

రెండున్నర గంటల లోపు ప్రయాణానికి ఆలస్యం రెండు గంటలు దాటితే తిండి, నీళ్లు ఇవ్వాలని డీజీసీఏ రూలు. ఆ సంగతి అక్కడ ఎవరూ చెప్పరు. మా ఆయన ఎల్ఐసీ ఆఫీసులో ఏళ్ల తరబడి పాలసీల వెనక సన్న అక్షరాలు చదివిన మనిషి. ఫోన్‌లో ఆ రూలు తీసి, డెస్క్ మీద పెట్టి, "ఇది చదివి, లేదని రాసివ్వండి" అన్నారు. గొంతు పెంచలేదు. పది నిమిషాల్లో అట్టపెట్టెల్లో పఫ్‌లు, జ్యూస్ ప్యాకెట్లు వచ్చాయి, మాకే కాదు, గేటు మొత్తానికి. ఆ రాత్రి ఆయనకి చుట్టూ ఉన్నవాళ్లు చేసిన మర్యాద అల్లుడిక్కూడా చేయరు. అత్తగారు మాత్రం పఫ్‌లో గుడ్డు తగిలిందేమోనని ముట్టుకోలేదు, సంచిలో మిగిలిన అటుకులు తిన్నారు. ఆలస్యం ఆరు గంటలు దాటితే డబ్బు వాపసో, వేరే విమానమో అడగొచ్చు, రాత్రి విమానమైతే గది కూడా ఇవ్వాలి. మాది 1.40కి ఎగిరింది. నాలుగున్నర గంటలు. లెక్క తెలిసినవాళ్లే ఆపరేషన్ చేస్తున్నారు.

భువనేశ్వర్‌లో దిగేసరికి మూడు దాటింది. మేం అనుకున్న రైలు ఎప్పుడో పోయింది. పిల్లాడిని, అత్తగారిని స్టేషన్‌లో కూర్చోబెట్టలేక కారు మాట్లాడాం. రాత్రి రేటు రూ.4,500. దారిలో రంభ అనే ఊరి దగ్గర తెల్లారింది.

బరంపురం నుంచి వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి. అందరూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి, ఆఫర్ పోతే పోయింది. గది ఏ వైపో ముందు తేల్చుకుని దానికి దగ్గర విమానాశ్రయానికి టికెట్టు తీయండి. తిరుగు విమానం మధ్యాహ్నంలోపుది తీసుకోండి, వెయ్యి ఎక్కువైనా సరే, రాత్రి కారు ఖర్చు మిగులుతుంది. విశాఖ నుంచి చవక కదా అని కొందరంటారు. అక్కడికి రైలు దూరం భువనేశ్వర్ కన్నా వంద కిలోమీటర్లు ఎక్కువ, ఆ తేడా కూడా వేసుకుని చూడండి.

విమాన ప్రయాణికుల ఫిర్యాదులకి ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టాం. చింతిస్తున్నామని విమానం వాళ్ల నుంచి జవాబొచ్చింది, మనిషికి రూ.500 చొప్పున వోచర్లు కూడా. పెట్టెల బరువుకి వాడకూడదు, సీట్లకి వాడకూడదు, పండగ రోజుల్లో చెల్లదు. గడువు జూన్ నెలాఖరు. జూన్‌లో గోవాలో వానలు, సముద్రంలో దిగనివ్వరు.