నీలం అక్షరాలా, కూతురి ఫొటోనా? పెద్దమ్మకు వీడియో కాల్ నేర్పడానికి ఏది మేలు

మా పెద్దమ్మ బిట్రగుంటలో ఒక్కతే ఉంటుంది. కూతురు బెంగళూరులో, కొడుకు దుబాయ్‌లో. ఇద్దరూ కలిసి ఫోన్ కొనిచ్చి, నేర్పే పని నా నెత్తిన పెట్టారు. కావలి నుంచి బండి మీద అరగంటలో పోయిరావచ్చు గదా అని. అక్కేమో వాట్సాప్ పెట్టమంటుంది. అన్నేమో గూగుల్ మీట్ అంటాడు, ఆఫీసులో పొద్దస్తమానం వాడేది అదే కాబట్టి. రెండూ పెట్టి నెల రోజులు చూశాను.

మిగతావాటి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఫోన్‌లో మామూలు కాల్ పక్కనే ఉండే వీడియో గుర్తుకు వేరే యాప్ అక్కర్లేదు, కానీ అవతలి ఫోన్, నెట్‌వర్క్ కూడా కలిసిరావాలి. ఒకరోజు పోతుంది, ఒకరోజు పోదు. కొత్తవాళ్ళకు అంతకంటే చేటు లేదు. ఫేస్‌టైమ్ ఐఫోన్ వాళ్ళది. మన ఆండ్రాయిడ్ నుంచి వాళ్ళు పంపిన లింక్‌తో చేరగలమే గానీ మనంతట మనం చేయలేం. స్కైప్ 2025 మేలోనే మూతపడింది.

ఇక అసలు పోటీ. మీట్‌లో అన్న లింక్ పంపుతాడు. పెద్దమ్మ ఆ మెసేజ్ వెతుక్కుని, నీలం అక్షరాల మీద వేలు పెట్టి, కెమెరాకు, మైక్‌కు సరేనని, జాయిన్ నొక్కాలి. పక్కన నేనుంటే బ్రహ్మాండంగా ఉంది. నేను లేని రోజు పాత లింక్ నొక్కి, ఎవరూ లేని గదిలో కూర్చుని "అబ్బయ్యా, కనపడ్డం లేదే" అంటా పది నిమిషాలు పిలిచిందంట. లింక్ లేకుండా పేరు మీద నొక్కి చేసే దారి కూడా మీట్‌లో ఉంది, 2022లో గూగుల్ డ్యుయోను దాంట్లో కలిపేశారు గదా. కానీ అన్న అలవాటు లింకే.

నన్ను ఆపింది అది కాదు. డెబ్బై ఏళ్ళ మనిషికి నేను రోజూ నేర్పుతున్నదేమిటి? మెసేజ్‌లో నీలం అక్షరాలు కనపడితే నొక్కమని. కరెంటు బిల్లు కట్టలేదనీ, బ్యాంకు ఖాతా ఆగిపోతుందనీ వచ్చే దొంగ మెసేజ్‌లలో ఉండేవీ ఆ నీలం అక్షరాలే. కొడుకు కోసం నేర్చుకున్న వేలు దొంగ దగ్గర ఆగుతుందా?

వాట్సాప్‌లో నేర్పేది మొహాన్ని. అక్క చాట్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, షార్ట్‌కట్ పెడితే ఆమె ఫొటో ఫోన్ మొదటి తెర మీదికి వస్తుంది. ఫొటో మీద ఒక వేలు, పైన కెమెరా బొమ్మ మీద ఒక వేలు. అంతే. ఇంకో లాభం, పక్కింటి ఇంటర్ పిల్లకూ రీఛార్జ్ అంగడి అబ్బాయికీ వాట్సాప్ తెలుసు. ఏదన్నా చెడితే నేను బండి తియ్యాల్సిన పని లేదు.

అట్లాగని వాట్సాప్ వెన్నతో పెట్టిన విద్యేం కాదు. చేయడం కంటే ఎత్తడమే కష్టం. తెర ఆరిపోయి ఉన్నప్పుడు కాల్ వస్తే ఆకుపచ్చ గుండ్రాన్ని పైకి తోయాలి. ఫోన్ చేతిలో వాడుతుండగా వస్తే పైన చిన్న పట్టీ వస్తుంది, దాంట్లో ఆన్సర్ అన్నదాన్ని ఊరికే నొక్కాలి. ఈ తేడా నాకూ ఎప్పుడూ తట్టలేదు, పెద్దమ్మ ఆకుపచ్చ దాన్ని తాటిముంజె నొక్కినట్టు పొడుస్తుంటే తప్ప. "పైకి తొయ్, పొయ్యిలోకి కట్టె తోసినట్టు" అన్నాక పట్టుకుంది. వంటింట్లోంచి తడి చేత్తో వస్తే తోసినా కదలదు. ముందు కొంగుకు తుడుచుకోవాలి. ఎత్తగానే అలవాటుగా చెవికి పెట్టేసుకుంటుంది. వారం రోజులు అక్క చూసింది అమ్మ మొహాన్ని కాదు, చెవి కమ్మని. ఫోన్‌ను స్టీలు చెంబుకు ఆనించి పెట్టడం మొదలుపెట్టాకే మొహం కనపడింది.

దొంగలు వాట్సాప్‌లోనూ ఉన్నారు. పోలీసు బట్టలేసుకుని వీడియో కాల్ చేసి, డిజిటల్ అరెస్ట్ అంటూ డబ్బు గుంజేవాళ్ళు వచ్చేది ఎక్కువగా ఈ దారినే. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదు. అందుకని సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కాల్స్‌కు పోయి, తెలియని నంబర్లు మోగకుండా చేశాను. సైబర్ నేరాల నంబరు 1930ని క్యాలెండర్ మీద రాసిపెట్టాను.

నా తీర్పు వాట్సాప్‌కే. కానీ దుబాయ్ కొడుక్కి అది పనికిరాదు. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, కాల్ పోదు. ఇంటర్నెట్ కాల్స్‌కు ప్రభుత్వం అనుమతించిన యాప్‌లే వాడాలి. బోటిమ్ వాటిలో ఒకటి. అందుకని అన్న ఒక్కడి కోసం బోటిమ్ పెట్టాను. దాంట్లో ఉన్నది అన్న పేరొక్కటే, కాబట్టి తికమక పడాల్సిన పని లేదు. మీట్‌ను తీసెయ్యలేదు. సంక్రాంతికి అక్క, అన్న, మేమూ అందరం ఒకేసారి కలవాలంటే అదే దిక్కు. ఆ రోజు లింక్ నొక్కేది నేను, పెద్దమ్మ కాదు. ముగ్గురు గానీ అంతకు మించి గానీ ఉంటే ఉచితంగా ఇచ్చేది గంటే. మా వాళ్ళకు ఆ గంట పలకరింపులకే సరిపోతుంది.

మొన్న బుధవారం మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా పెద్దమ్మే అన్నకు కాల్ చేసింది. మనకు తెల్లవారుజామున అయిదు. దుబాయ్‌లో మూడున్నర. గంటన్నర తేడా ఉంటుందని చెప్పడం నేను మరిచేపోయాను.