నెమ్మది గుండె: పరుగు వల్లా, జబ్బు వల్లా?

అరవై దాటిన మారథాన్ రన్నర్ వాచీలో పొద్దున్నే గుండె వేగం నిమిషానికి 44 అని కనిపిస్తే ఇంట్లో అందరికీ టెన్షన్. మామూలు లెక్క 60 నుంచి 100 కదా! కానీ ఏళ్ల తరబడి పరుగెత్తిన గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతుంది. తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది.

రెండో రకం, అంటే జబ్బు వల్ల వచ్చే నెమ్మది, వేరు. గుండెకు లయనిచ్చే సైనస్ నోడ్ వయసుతో బలహీనపడుతుంది, లేదా విద్యుత్ సంకేతం దారిలో ఆగిపోతుంది. కూర్చున్నప్పుడు రెండు గుండెల అంకె ఒకటే కావచ్చు. తేడా మెట్లెక్కితే బయటపడుతుంది. పరుగు గుండె చటుక్కున వేగం అందుకుంటుంది. జబ్బు గుండె చాలాసార్లు అందుకోలేదు: ఆయాసం, కళ్లు తిరగడం, ఒక్కోసారి స్పృహ తప్పడం. అందుకే నా ఓటు పడుకోబెట్టి తీసే ఒక్క ఈసీజీకి కాదు, దానికి తోడు ట్రెడ్‌మిల్ పరీక్షకూ 24 గంటల హోల్టర్‌కూ (ఒంటికి తగిలించుకుని రోజంతా గుండె లయను నమోదు చేసే చిన్న యంత్రం). (బీపీకి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. థైరాయిడ్ తగ్గినా గుండె నెమ్మదిస్తుంది, అదీ చూపించుకోవాలి.)

మొదటిదానికి సాధారణంగా మందే అక్కర్లేదు, రెండోది పేస్‌మేకర్ దాకా వెళ్లొచ్చు.

అయితే రెంటి మధ్య గోడ అంత గట్టిదేం కాదు. స్వీడన్‌లో 90 కిలోమీటర్ల వాసలోపెట్ స్కీ పందెం పూర్తిచేసిన 52 వేల మందికి పైగా పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువసార్లు పాల్గొన్నవాళ్లలోనే లయ సమస్యలు ఎక్కువగా కనిపించాయి.